రెండో తూటా ఉందిగా అనుకుంటే...

మా ఆఫీసులో లంచ్ దగ్గర ఎప్పటికీ తెగని తగువొకటుంది: జింకల వేటకి లీవర్ యాక్షన్ రైఫిల్ మంచిదా, బోల్ట్ యాక్షనా అని. పెన్సిల్వేనియాలో జింకల మీద సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వాడకూడదు, అందుకే గొడవంతా ఈ రెంటి మధ్యే. చాలా ఏళ్ళు నేను పెరుగన్నం తింటూ వినేవాణ్ణి. గ్రీన్ కార్డు వచ్చాక హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి నేనూ బరిలోకి దిగాను. (హెచ్1 మీదున్న తమ్ముళ్ళకో మాట: హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే ఫెడరల్ చట్టం ప్రకారం మీ దగ్గర తుపాకీ ఉండటమే నేరం. సరదాకైనా ముందు లాయర్ని అడగండి.)

లీవర్ యాక్షన్ అంటే కౌబాయ్ సినిమాల్లో చూస్తామే, అదే. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న పిడిని కిందకి తోసి పైకి లాగితే ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది. తుపాకీని భుజమ్మీంచి దించక్కర్లేదు. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన వించెస్టర్ 1894, 1948లో వచ్చిన మార్లిన్ 336 ఈ జాతివే. బోల్ట్ అంటే మన తలుపు గడియే అనుకోండి. ఎత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకి తోయాలి, దించాలి. మన పోలీసుల భుజాన దశాబ్దాల పాటు చూసిన .303 ఈ రకమే.

వేగంలో లీవర్‌ది పైచేయి, దూరంలో బోల్ట్‌ది. చాలా లీవర్ రైఫిళ్ళలో తూటాలు బ్యారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని ప్రైమర్‌కి ఆనుతుంది. ముక్కు గట్టిగా, సూదిగా ఉంటే లోపలే పేలే ప్రమాదం, అందుకని మొద్దు ముక్కు పెడతారు. అది గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది. (మెత్తటి కొన ఉన్నవీ ఇప్పుడు దొరుకుతున్నాయనుకోండి.) 100 గజాలకి గురి సరిచేసిన .30-30 తూటా 200 గజాల దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందకి పోతుంది. అదే .308 అయితే అందులో సగమే.

ఇదంతా లెక్క. ఇక జరిగింది చెప్తాను.

మొదటి సీజన్లో మా టీంలోని పెద్దాయన వాళ్ళ నాన్నగారి మార్లిన్ నాకిచ్చి, పక్కనే ఉన్నాడు. దట్టమైన అడవి. 60 గజాల్లో మగజింక కనిపించింది. మొదటిది పేల్చేటప్పటికే నా చెయ్యి లీవర్ లాగడానికి తొందరపడుతోంది. టకటకా మూడు పేల్చాను. ఒకటి తగిలింది, పొట్టలో. పొట్టలో తగిలిన జింకని వెంటనే తరమకూడదు, గంటల తరబడి ఆగాలి. ఆగి, నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ వెళ్తే పొద్దుగూకుతుండగా దొరికింది. ఇంకా ప్రాణం ఉంది. పెద్దాయనే పని ముగించాడు.

కారు దాకా ఆయనేం మాట్లాడలేదు. ఎక్కేముందు మాత్రం, "మా నాన్న దీంతో 40 ఏళ్ళు వేటాడాడు. రెండో తూటా వాడగా నేను చూసింది రెండుసార్లే" అన్నాడు.

ఆ వారం నాన్నకి ఫోన్లో చెప్పాను.

"తిన్నార్రా దాన్ని?"

"తిన్నాం నాన్నా."

"బాధపడిందా?"

సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను.

మరుసటేడు బోల్ట్ .308 కొన్నాను. ఆ సీజన్లో రెండుసార్లు జింక ఎదురొచ్చినా పేల్చలేదు. ఒకటి నాకేసి తిరిగి ఉంది, ఇంకోదానికి కొమ్మ అడ్డం. మార్లిన్ చేతిలో ఉంటే రెండుసార్లూ పేల్చేవాణ్ణి. రీట్రై ఉందిగా అని కోడ్ అజాగ్రత్తగా రాయడం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ ఫెయిలైన ప్రయత్నం లాగ్‌లో ఎర్రగీతగా మిగలదు, పొదల్లో పడి మూలుగుతుంది.

ఎవరైనా అడిగితే నేను చెప్పేది: 100 గజాలు దాటి కనిపించని అడవికి లీవర్ చాలు, మోయడానికీ తేలిక. పొలాల గట్ల మీంచి, స్కోపు పెట్టి కొట్టాలంటే బోల్ట్. కొత్తవాళ్ళకి మాత్రం ఎక్కడైనా బోల్టే. ఇంట్లో పిల్లలుంటే ఇంకోటి కూడా చూడండి. చాలా లీవర్ రైఫిళ్ళు ఖాళీ చెయ్యాలంటే ఒక్కో తూటానీ చాంబర్లోకి ఎక్కించి దించాలి. ఊడొచ్చే మ్యాగజైన్ ఉన్న బోల్ట్‌కైతే అది తీసి, చాంబర్లోది బయటికి లాగితే సరి.

పెద్దాయన మాత్రం ఇంకా మార్లిన్‌తోనే వెళ్తాడు. నాకు గడియ తియ్యడానికి పట్టే ఆ క్షణం కావాలి, ఆయనకి అక్కర్లేదు. అంతే తేడా.