లొకేషన్ కొట్టను గానీ...

డెన్వర్,
సెప్టెంబరు 22, ఆదివారం రాత్రి

బావా,

ఉభయకుశలోపరి. ఈ మాట రాసి ఎన్నేళ్ళయిందో! నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఒకటిన్నర లైనుకి ఇన్ని కాగితాల జవాబేమిటని విసుక్కోకు. "మా అక్క కొడుకు ఎం.ఎస్.కి డెన్వర్ వచ్చాడు, కొండల్లో మనం టెంటు వేసుకునే చోటు లొకేషన్ వాడికి కొట్టరా" అన్నావు. కొట్టడం అర నిమిషం పని. కొట్టను. ఎందుకు కొట్టనో చెప్పడానికి మాత్రం అర నిమిషం చాలదు.

నిన్న ఆ చోటుకే బయల్దేరాను. నువ్వు రాజమండ్రి వెళ్ళిపోయాక అటు పోవడం ఇదే మొదలు. బ్యూనా విస్టా దాటి మట్టిరోడ్డు ఎక్కేసరికి ఆస్పెన్ చెట్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. సెప్టెంబరు చివరి రోజులు వాటివే కదా. వాగు పక్కన మన మలుపు తిరగబోతే నాలుగు పెద్ద బండరాళ్ళు అడ్డంగా పెట్టి ఉన్నాయి. వాటి వెనకాల కర్రకి కొట్టిన చిన్న బోర్డు: ఇక్కడ మకాం వేయవద్దు, గడ్డి మళ్ళీ మొలవాలి అని. కారు దిగి నడిచి చూశాను. మనం వెళ్ళిన రోజుల్లో అది ఒక కారు, ఒక టెంటు పట్టే జాగా. ఇప్పుడు పెళ్ళిపందిరి వేసేంత మేర నేల బోడిగా తేలిపోయి ఉంది. నిప్పు పెట్టుకున్న రాళ్ళ వలయాలు ఏడు లెక్కపెట్టాను. పొదల వెనక ఏముందో చెప్పను, భోంచేసి చదువుతున్నావేమో.

ఎవరినీ తిట్టడానికి లేదు బావా. 2021 వేసవిలో, కరోనాకి ఇళ్ళలో మగ్గిన జనమంతా కొండల మీద పడ్డప్పుడు, మన ఉగాది గ్రూపులో ఎవరో అడిగితే ఆ లొకేషన్ కొట్టింది నేనే. గ్రూపులో నలభై మంది. ఆ నలభై మంది ఇంకెందరికి పంపారో. ఏడు వలయాలూ మనవాళ్ళవే అనను. కానీ మొదటి రాయి ఎవరు వేశారో నాకు తెలుసు.

అందుకని మీ మేనల్లుడికి చోటు ఇవ్వను, వెతకడం నేర్పుతాను. మనకి మాత్రం ఎవరు చూపించారు? 2016 జులై గుర్తుందా? క్యాంపుగ్రౌండ్లన్నీ ఆరు నెలల ముందే బుక్కయిపోయాయని తెలిసి నువ్వు, "ఇంత అడవి పెట్టుకుని మనిషి పడుకోవడానికి జాగా లేదంటే నేను నమ్మను" అన్నావు. రేంజర్ ఆఫీసుకి వెళితే కౌంటర్లో ఉన్న ఆవిడ ఒక నలుపు తెలుపు మ్యాపు చేతిలో పెట్టింది. డబ్బులిస్తామంటే నవ్వింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది, మడతల దగ్గర చిరిగి.

ముందు వాడికి పార్కుకీ ఫారెస్టుకీ తేడా తెలియాలి. మనవాళ్ళు నూటికి తొంభైమంది అన్నిటినీ కలిపి "నేషనల్ పార్క్" అనేస్తారు. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ఎక్కడ పడితే అక్కడ టెంటు వేస్తే జరిమానా. కారులో పడుకున్నా ఊరుకోరు. నేషనల్ ఫారెస్టు వేరు. 1905 నుంచీ అది వ్యవసాయ శాఖ కింద ఉంది. అక్కడ కలప కొడతారు, పశువుల్ని మేపుతారు, వేటాడతారు, మనలాంటివాళ్ళు పడుకుంటారు. దేశం మొత్తం మీద ఆ భూమి 19 కోట్ల ఎకరాలు దాటి ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లాంటివి నాలుగు పరిచినా ఇంకా మిగులుతుంది. ఇది కాక బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కింద ఇంకో 24 కోట్ల ఎకరాలు. అది ఎక్కువగా కొండల కింద, ఎండు తుప్పల నేల. ఈ రెండిట్లోనూ, నిషేధం లేనిచోట, పైసా కట్టకుండా, ఎవర్నీ అడక్కుండా పడుకోవచ్చు. చాలాచోట్ల 14 రోజుల దాకా ఉండనిస్తారు, తరవాత కదలాలి.

ఇదంతా ఎవరి భూమో కూడా వాడికి చెప్పు. ఈ కొండల్లో తిరిగినవాళ్ళు యూట్‌లు. 1881లో వాళ్ళలో చాలామందిని సైన్యం కాపలాతో యూటాకి తోలేశారు. సరిగ్గా పదేళ్ళకి, 1891లో, వాళ్ళు తిరిగిన వైట్ రివర్ పీఠభూమి మీద ప్రభుత్వం అడవిని రిజర్వు చేసింది. మనం ఉచితం అనుకునేదాని ధర ఇంకెవరో ముందే కట్టారు.

ఇక మ్యాపు సంగతి. దాని పేరు మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్. చూడ్డానికి కరెంటు బిల్లు కన్నా నీరసంగా ఉంటుంది. కొండ రంగు లేదు, చెరువు నీలం లేదు. కానీ చట్టం ఉండేది దాంట్లోనే. ఏ రోడ్డు మీద ఏ బండి వెళ్ళచ్చు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అన్నీ రాసి ఉంటాయి. కొన్ని రోడ్లకి రెండు పక్కలా చుక్కలుంటాయి చూడు, అవే మనకి కావలసింది. చుక్కలున్న రోడ్డు నుంచి, సాధారణంగా 300 అడుగుల దాకా, బండి పక్కకి దింపి మకాం వేసుకోవచ్చు. ఇప్పుడు ఫోనులో అవెంజా అనే యాప్‌లోకి ఈ మ్యాపులు ఉచితంగా దింపుకుంటే సిగ్నల్ లేకపోయినా మనం ఎక్కడున్నామో చూపిస్తుంది. ఇంట్లో ఉండగానే దింపుకోమను. కొండెక్కాక సిగ్నల్ ఉంటుందనుకోవడం పిల్లలందరూ మొదటి వేసవిలో చేసే పొరపాటు.

మ్యాపులో నాలుగు చుక్కల రోడ్లు గుర్తు పెట్టుకుని, వాటినే శాటిలైట్ బొమ్మలో చూడమను. పెద్దరోడ్డు నుంచి పిల్లరోడ్డు చీలి, వంద అడుగులు పోయి, ఒక లేత రంగు మచ్చ దగ్గర ఆగిపోతే, అక్కడ ఎవరో ఇదివరకు పడుకున్నారన్నమాట. అలాంటి చోటే కావాలి. కొత్త గడ్డి తొక్కి కొత్త చోటు చేయడం గొప్ప కాదు. పాత రాళ్ళ వలయం ఉంటే అదే వాడాలి.

తరవాత శుక్రవారం పొద్దున రేంజర్ ఆఫీసుకి ఫోను. "ఫలానా నంబరు రోడ్డు ఎలా ఉంది, నిప్పు ఆంక్షలేమిటి" అని రెండే ప్రశ్నలు. ఆ నిమిషం మాట్లాడ్డానికి మన పిల్లలకి ఎందుకంత మొహమాటమో! జూన్‌లో కూడా పైరోడ్ల మీద మంచు ఉంటుంది. ఇండిపెండెన్స్ పాస్ రోడ్డయితే వేసవి మొదలయ్యేదాకా తెరవనే తెరవరు.

రోడ్డు నంబరు పలక చూసి కూడా కారు సంగతి తేల్చుకోవచ్చు. ఇది నీకూ తెలియదనుకుంటా. నంబరు అడ్డంగా రాసి ఉంటే మామూలు కారు వెళుతుంది. నిలువుగా, ఒక అంకె కింద ఒక అంకె ఉంటే ఎత్తు బండి కావాలి. మీ వాడు కొనేది ఎలాగూ సెకండ్ హ్యాండ్ కరోలానే కదా. నిలువు నంబరు కనిపిస్తే వెనక్కి తిప్పమను. మన కామ్రీ అడుగున గీత పడ్డ రోజు ఈ సంగతి తెలిసుంటే నాలుగు వందల డాలర్లు మిగిలేవి.

మన మొదటి రాత్రి వాడికి కథగా చెప్పు, ఉపన్యాసం కన్నా అది నయం. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి చేరాం, చీకట్లో ప్రతి మలుపులోనూ ఒక టెంటు. చివరికి ఖాళీ దొరికిందని సంబరపడి పడుకున్నాం. తెల్లవారుజామున కుక్క అరుపు, దాని వెనక తుపాకీతో పెద్దాయన. అది ఆయన సొంత భూమి! 1872 నాటి గనుల చట్టం కింద ఎవరో ఎప్పుడో వెండి కోసం పట్టా చేయించుకున్న ముక్క. ఇలాంటి ప్రైవేటు ముక్కలు ఈ అడవుల నడుమ అతుకుల బొంతలా ఉంటాయి. ఆయన మంచివాడు కనక కాఫీ ఇచ్చి మరీ పంపాడు. అందరూ ఇవ్వరు. పగలు రెండింటిలోపు చేరమను, వీలైతే ఆదివారం సాయంత్రం నుంచి గురువారం లోపు. మొదటి చోటు నిండిపోతే రెండోది, అదీ కాకపోతే మూడోది. నాలుగోది కూడా నిండితే ఇంటికి రావాలి. ఎవరి పక్కనో ఇరికి పడుకోకూడదు.

చోటు దొరికాక ముందు తల పైకెత్తాలి. పురుగు పట్టి నిలువునా ఎండిన పైన్ చెట్లు ఎక్కడ చూసినా ఉన్నాయి, గాలికి చెప్పకుండా కూలతాయి. వాటి కింద టెంటు వద్దు. వాగు ఒడ్డునా వద్దు, కనీసం వంద అడుగులు, రెండొందలైతే మంచిది. మరుగుదొడ్డి ఉండదు. మన తాతలు చెంబు పట్టుకుని పొలం గట్టెక్కినట్టు మనం చిన్న తాపీ పట్టుకుని బయల్దేరాలి. నీటికీ దారికీ టెంటుకీ డెబ్బై పెద్ద అడుగుల దూరంలో, జానెడు లోతు గొయ్యి, పని అయ్యాక పూడ్చాలి. కాగితం మాత్రం సంచిలో వెనక్కి. సిగ్గుపడి ఎవరూ చెప్పరు కాబట్టే ఆ పొదలు అలా తయారయ్యాయి.

నిప్పు విషయంలో నేను చాదస్తుణ్ణి, తెలుసుగా. 2020లో కామెరాన్ పీక్ మంట ఒక్కటే రెండు లక్షల ఎకరాలు దాటి తినేసింది. ఈ రాష్ట్ర చరిత్రలో అతి పెద్ద మంటలు రెండూ ఆ ఒక్క ఏడాదివే. మొదటి దశ ఆంక్ష ఉన్నా సరే, ఇలాంటి చోట్ల కట్టెల మంట వేయకూడదు, మరతో ఆపగలిగే గ్యాసు స్టవ్ చాలు. ఆంక్ష లేని రోజున వేసినా, నీళ్ళు పోసి, కలిపి, బూడిదలో అరచెయ్యి పెట్టగలిగితేనే కదలాలి.

వంట దగ్గర మన తెలివి పనికొస్తుంది. పదివేల అడుగుల ఎత్తున నీళ్ళు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నెలో బియ్యం పోసి గంట కూర్చున్నా పలుకే, కందిపప్పు సంగతి చెప్పక్కర్లేదు. ఆ మూడు లీటర్ల కుక్కరు నువ్వు మోసుకొస్తుంటే నవ్వాను, ఆ నవ్వుకి ఇప్పటికీ క్షమాపణ. రెండో కూతకి దూరపు టెంటు లోంచి ముసలి దంపతులు ప్రమాదమేదో జరిగిందని పరిగెత్తుకొచ్చి, ముద్దపప్పు తిని వెళ్ళారు చూడు, అలాంటి రాత్రి డబ్బు కట్టిన క్యాంపుగ్రౌండులో నాకెప్పుడూ జరగలేదు. ఆవకాయ సీసా మాత్రం టెంటులో పెట్టుకోవద్దని ఒట్టేయించు. ఇక్కడివి నల్ల ఎలుగులే, పిరికివే, కానీ ముక్కు మాత్రం మహా చురుకు. పళ్ళపేస్టుతో సహా వాసన వేసేదంతా కారులో పెట్టి తాళం వెయ్యాలి. తాళం లేకపోతే తలుపు తీసేస్తాయి, హాస్యం కాదు.

నిన్న మరి ఎక్కడ పడుకున్నానంటావా? బండరాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని, పాత మ్యాపు తీసి, మనం ఎప్పుడూ ఎక్కని ఒక చుక్కల రోడ్డు పట్టుకున్నాను. మొదటి మచ్చలో ట్రైలర్ ఉంది. రెండోది మరీ ఏటవాలు. మూడోది దొరికింది. వాగు లేదు, పెద్ద కొండా కనపడదు. ఫోటో తీస్తే ఎవరూ లైకు కొట్టని చోటు. రాత్రి గడ్డి మీద మంచు పేరుకుంది. ఎక్కడో మగ ఎల్క్ ఈల వేస్తూనే ఉంది, పెళ్ళిళ్ళ రోజులు కదా వాటికి. నీ స్లీపింగ్ బ్యాగు కూడా కప్పుకున్నా చలి ఆగలేదు.

మునుపటి స్వేచ్ఛ ఎన్నాళ్ళుంటుందో. క్రెస్టెడ్ బ్యూట్ చుట్టూ ఉన్న లోయల్లో ఇప్పటికే ఎక్కడబడితే అక్కడ వేయనివ్వడం లేదు, నంబరు వేసిన చోట్లలోనే. డబ్బు అడగరు గానీ, నంబరు నంబరే. నువ్వు అక్కడ లంబసింగిలో అద్దె టెంటులో పడుకుని వరసగా యాభై టెంట్ల ఫోటో పెట్టావే, నవ్వుతూ చూశాను. నిన్నటి బోర్డు చూశాక నవ్వు రాలేదు.

వాణ్ణి బుధవారం రాత్రి నాకు ఫోన్ చెయ్యమను. చుక్కల మ్యాపు ముందే దింపుకుని చెయ్యమను. వచ్చే శనివారం తీసుకెళతాను. ఆ తరవాత వాడి చోటు వాడే వెతుక్కోవాలి, దొరికాక నాకూ చెప్పక్కర్లేదు. అక్టోబరు మధ్యలో రైఫిళ్ళ వేట మొదలవుతుంది, నారింజ రంగు టోపీ ఒకటి కొనుక్కోమను.

ఇంకో మాట. మీ ఊరినుంచి ఎవరైనా వస్తుంటే మూడు లీటర్ల కుక్కరు రబ్బరు ఒకటి పంపు. నిన్న కూత రాలేదు, పప్పు పలుకుగానే తిన్నాను.

ఇట్లు,
నీ బావ