క్షమాపణ ఏ ఊళ్లో చెప్పాలి?

లాంగ్ వీకెండ్ వస్తే మా బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్ తెలుగువాళ్లం చాలామంది హైవే 44 ఎక్కేస్తాం. గుత్తి దగ్గర పత్తికొండ వైపు తిరిగితే ఎర్రగుడి. అక్కడి బండల మీద అశోకుడి పదమూడో శాసనం ఉంది. కళింగలో లక్షమంది హతమయ్యారు, లక్షన్నర మందిని తరలించుకుపోయారు, అందుకు రాజు కుమిలిపోతున్నాడు అని. (అదే శాసనంలో అడవి జనాలకు ఓ హెచ్చరిక కూడా ఉందనుకోండి. ఎంతైనా రాజు!)

చిత్రమేమిటంటే, దెబ్బతిన్న కళింగలో, ధౌలి, జౌగడ బండల మీద ఈ శాసనం లేదు. దాని బదులు వేరే శాసనాలు చెక్కించాడు. ఉలి అక్కడిదాకా వెళ్లింది కదా మహానుభావా, ఆ నాలుగు ముక్కలూ చెక్కించడానికేం?

మన కాలంలోనూ ఇదే తంతు. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లైలో అమెరికా సైనికులు వందలాది గ్రామస్థుల్ని చంపారు. శిక్ష పడింది లెఫ్టినెంట్ విలియం కాలీ ఒక్కడికే, అదీ చాలావరకు గృహనిర్బంధం. 2009లో ఆయన పశ్చాత్తాపం వెళ్లబోసుకున్నాడు. ఎక్కడ? జార్జియాలో ఒక క్లబ్బులో, సాటి అమెరికన్ల ముందు.

ఆ రోజు హెలికాప్టర్ దింపి కొందరిని కాపాడిన హ్యూ థాంప్సన్ మాత్రం 1998లో మై లై వెళ్లాడు. ప్రాణాలు దక్కిన ఒకావిడ ఆయన్ని అడిగిందట, కాల్చినవాళ్లు నీతో ఎందుకు రాలేదు, వస్తే క్షమించేవాళ్లం కదా అని. థాంప్సన్ చెప్పిన ఈ సంగతి చదివేదాకా, అటువైపు ఎవరైనా ఎదురుచూస్తూ ఉంటారని నాకు తట్టనే లేదు.