వంటయింటి విద్య

ఒక పనికి దక్కే గౌరవం దానిలోని శ్రమను బట్టి కాక, చేసేవారిని బట్టి మారుతుందనడానికి వంటే నిదర్శనం. ఇంట్లో తల్లి రెండుపూటలా వండి వడ్డిస్తే అది ఆమె విధి. పెద్ద హోటలులో తెల్లని టోపీ ధరించినవాడు వండితే అది కళ. ఆ కళను నేర్చుకుంటానని మన బిడ్డ అంటే మాత్రం నామోషీ!

మన ప్రాచీన సాహిత్యం పాకవిద్యను ఇలా చిన్నచూపు చూడలేదు. విరటుని కొలువులో భీముడు వలలుడనే పేరుతో వంటశాలలో చేరాడు. కర్కోటకుని కాటుకు రూపం కోల్పోయిన నలుడు బాహుకుడై ఋతుపర్ణుని ఆశ్రయించాడు. ఆ వికృతరూపం వెనుక ఉన్నది తన భర్తేనని దమయంతికి తెలిపిన ఆనవాళ్లలో అతడి వంట రుచి ఒకటి. రాజ్యం పోయినా, రూపం మారినా చేతిలోని విద్య నలుణ్ణి విడిచిపోలేదు.

ఈ విద్యను బడిలోకి తేవడానికి ఆధునిక కాలంలో కృషి చేసినవారిలో అమెరికాకు చెందిన ఎలెన్ రిచర్డ్స్ ముఖ్యురాలు. ఆమె 1873లో రసాయనశాస్త్రంలో పట్టా పొందారు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో వంటశాల నడిపి, వడ్డించిన పదార్థాల పోషక విలువలను సందర్శకులకు తెలియజేశారు. 1917లో ఆ దేశం చేసిన చట్టం ఉన్నత పాఠశాలల్లో గృహవిజ్ఞాన బోధనకు ప్రభుత్వ ధనసహాయం కల్పించింది. నేడు అక్కడి అనేక పాఠశాలల్లో ఆ తరగతులే పాకకళకూ, ఆతిథ్య వృత్తులకూ తొలిమెట్టు అవుతున్నాయి.

మన దేశంలోనూ గృహవిజ్ఞాన బోధనకై 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాల వెలసింది. హోటల్ నిర్వహణ నేర్పే సంస్థ 1954లో ముంబైలో మొదలైంది. 6వ తరగతి నుంచే పిల్లలకు వృత్తుల పరిచయం కలగాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం సూచించింది. దారి ఉంది, నడవడానికి మనసే ఒప్పుకోవడం లేదు.

కొన్నేళ్ల క్రితం ఒక విద్యార్థి తండ్రి నా వద్దకు వచ్చాడు. "మాస్టారూ! అప్పు చేసి చదివిస్తున్నాను. వీడేమో హోటల్ కోర్సులో చేరి గరిట పట్టుకుంటానంటున్నాడు. మీరైనా నచ్చజెప్పండి" అన్నాడు. నేను నలుని కథ చెప్పలేదు. ఆ కోర్సులో ఏమేమి నేర్పుతారో వివరించాను. వేడి పదార్థాన్ని 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లని పదార్థాన్ని 5 డిగ్రీలకు లోపల ఉంచాలి; ఆ నడుమ సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. పచ్చిమాంసం కోసిన కత్తిని కడగకుండా కూరగాయలకు వాడరాదు. మండుతున్న నూనెపై నీళ్లు చల్లరాదు. నూరుమందికి వండేటప్పుడు సరుకు ఎంత, ఖర్చు ఎంత, వృథా ఎంత అన్న లెక్క తప్పరాదు.

ఆయన కొంతసేపు ఆలోచించి, "అయితే ఇదీ చదువేనంటారా?" అని అడిగాడు. "చదువేనండీ. పైగా దీనికి రోజూ పరీక్షే!" అన్నాను. ఆయన పూర్తిగా సమాధానపడలేదు కాని, కుమారుణ్ణి ఆపలేదు.

అయితే తల్లిదండ్రులు ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు. పొయ్యి వెలగని వంటశాలలో, పుస్తకం చూసి చెప్పే పాఠాలతో ఈ విద్య అబ్బదు. పనిచేసే వంటశాల, అనుభవమున్న ఉపాధ్యాయుడు, హోటలులో కొంతకాలం శిక్షణ, పైచదువులకు అవకాశం – ఈ నాలుగూ ఉండాలి. బాలికలకు ఇంటికోసం, బాలురకు ఉద్యోగంకోసం అన్న విభజన లేకుండా ఇద్దరికీ ఒకే పాఠం చెప్పాలి. మార్కులు తక్కువ వచ్చినవారికి మిగిలిన దారిగా దీనిని చూపరాదు.

అతిథి అంటే తిథి నియమం లేకుండా వచ్చేవాడు. అలా వచ్చినవారికి వేళ చూడకుండా అన్నం పెట్టి, గోదావరి సీమలో డొక్కా సీతమ్మగారు అన్నపూర్ణగా పేరుపొందారు. ఆ తల్లి దయకు నేటి శాస్త్రజ్ఞానం తోడైతే అది ఉత్తమమైన వృత్తి అవుతుంది. విద్యార్థులారా! మీలో ఎవరైనా ఆ వృత్తిని కోరుకుంటే తలవంచుకొని చెప్పవద్దు. ఆకలి తీర్చే విద్య ఏ విద్యకూ తీసిపోదు.