లంబాలైన్ నుండి దిగ్లీపురము దాక

అండమాను దీవుల రాజధానియగు పోర్టుబ్లెయిరు (నేటి శ్రీవిజయపురము) విమానాశ్రయమునకు సమీపమున నున్న లంబాలైన్‌లో ఏ తెలుగువారి యింట విస్తరి వేసినను, అందలి బియ్యము చెన్నపట్టణ, విశాఖ, కలకత్తా రేవులలో ఏదో యొకదానినుండి రమారమి 1,200 కిలోమీటర్ల సముద్రమును ఓడపై దాటి వచ్చినదై యుండును. త్వరగా వాడిపోవు కూరలలో కొన్ని విమానమున దిగినవై యుండును. చేప మాత్రము చేరువ నీటిదే. దూరమునే దోషముగ నెంచువారు బియ్యమును ముందుగా నిందింతురు. కాని బస్తా బియ్యమును మోయుటకు ఓడ కాల్చు ఇంధనము, అంత బరువునకు విమానము కాల్చుదానిలో అత్యల్పభాగము. ఇచ్చటి విద్యుత్తు చాలవఱకు డీసెలుతో పుట్టునది గనుక చేపకు వేయు మంచుగడ్డకు సైతము పొగ యంటియే యున్నది.

ఇచ్చటనుండి ఉత్తరమునకు సాగు పెద్దబాట గరాచర్మ దాటి సిప్పిఘాటు చేరును. 2004 డిసెంబరు 26నాటి భూకంపమున ఈ ప్రాంతపు నేల దాదాపు మీటరు క్రుంగగా, వరి పండిన పొలములలోనికి ఉప్పునీరు చొచ్చి, తిరిగి పోక నిలిచినది. పల్లపు నేల అరుదైన దీవులలో అది చిన్న నష్టము కాదు. దేశవిభజనానంతరము తూర్పు బెంగాలునుండి వచ్చిన కుటుంబములకు అయిదెకరములు పల్లమును, అయిదెకరములు మెట్టయు నిచ్చిరి. పల్లము చాలనప్పుడు గొడ్డలి కొండవాలు నెక్కును, ఏటికి 3,000 మిల్లీమీటర్ల వాన ఆ మన్నును కడిగి పగడపు దిబ్బలపై పోయును. అందుచేత, ఇచ్చట అడవి కొట్టి పండించిన గింజకంటె గోదావరి గింజయే తేలికయని నా యభిప్రాయము.

జిర్కటాంగు వద్ద వాహనములు బారులు తీరి, కావలివారి వెంట ఆదివాసులైన జరవాల యడవిని చొచ్చును. బాటలోని ఈ భాగమును మూయవలెనని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినను రాకపోకలు సాగుచునే యున్నవి. దిగ్లీపురపు పంట రాజధానికి చేరవలసిన దారియు నిదియే! స్థానికమని మనము మెచ్చుకొను కూర, తన తోటను గాక పరుల యిల్లు త్రొక్కి వచ్చుచున్నది. విశాఖ యోడకు ఆ పాపము లేదు.

మధ్య జలసంధిని బల్లకట్టుపై దాటి, రంగత్తు, మాయాబందరుల మీదుగా బాట దిగ్లీపురమున కల్పాంగు లోయలోనికి దిగును. 732 మీటర్ల శాడిల్ శిఖరపు చెంతనుండి పాఱు ఈ యేటి యొడ్డున వరియు, కాయగూరలును సుఖముగ పండును. ఏటి నీటితోనే కొంత విద్యుత్తును తీయుచున్నారు. ఏరియల్ బేలో రేవును గలదు. కూర యొకపూట వాడినను సరియే, ఓడ యున్ననాడు ఆ గంపలను లారీకెత్తక రేవుకే మోయింపవచ్చును.