మార్దిన్: రాతి మెట్ల మీది పట్టణం

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ దేశం మెసొపొటేమియా అని నేను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఆ నేలను కళ్ళారా చూడటం మాత్రం ఉద్యోగం విరమించిన తరవాత, 2018లో గాని నాకు తటస్థించలేదు.

పిల్లలూ! టర్కీ దేశానికి ఆగ్నేయ మూల, సిరియా సరిహద్దుకు దగ్గరగా మార్దిన్ అనే పట్టణం ఉన్నది. పెద్ద కొండ, కొండ నెత్తిన కోట, కోట కింద వాలు మీద, బొమ్మల కొలువు మెట్లలాగా వరసలు వరసలుగా రాతి ఇళ్ళు. ఒక్కొక్కచోట కింది ఇంటి కప్పే పై ఇంటివారికి వాకిలి! అక్కడ నిలబడి చూస్తే మెసొపొటేమియా మైదానం కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. రాత్రివేళ అది అచ్చం సముద్రమే. దూరాన పల్లెల దీపాలు పడవ దీపాలలాగా మినుకుమంటాయి.

ఇళ్ళన్నీ తేనెరంగు సున్నపురాయితో కట్టినవి. ఈ రాయి గనిలోనుంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, ఉలికి ఇట్టే లొంగుతుంది. గాలి తగిలి లోపలి తేమ ఆరినకొద్దీ గట్టిపడుతుంది. అందుచేతనే అక్కడి పనివాళ్ళు గుమ్మాల మీదా, కిటికీల చుట్టూ తీగెలూ, పువ్వులూ అంత నాజూకుగా చెక్కగలిగారు.

సందులు కొన్నిచోట్ల ఇళ్ళ కిందుగానే సొరంగంలాగా పోతాయి. వాటిని అబ్బారాలంటారు. ఎండకూ వానకూ కూడా అవే గొడుగులు. ఆ మెట్ల సందుల్లో మోటారు బండ్లు దూరవు. కనక చెత్త మోయటానికి మునిసిపాలిటీవారు గాడిదలను పెట్టుకున్నారు. నా మోకాళ్ళు మొరాయించి నేను మధ్యలో కూలబడితే, ఒక గాడిద నాకేసి జాలిగా చూసినట్టు తోచింది.

మాకు దారి చూపిన కుర్రవాడు ఇంట్లో కుర్దు భాష, బడిలో తుర్కీ, బజారులో అరబ్బీ మాట్లాడుతాడు. నేను బడిపంతులునని తెలిసి నన్ను "హోజామ్" అన్నాడు. అంటే "మా గురువుగారూ" అని. అతడు 1385 నాటి మదర్సానూ, పాత మసీదునూ, చర్చిలనూ చూపించాడు. రాగిసామాన్ల బజారులో పళ్ళాల మీద ఒక వింత బొమ్మ కనిపించింది. తల స్త్రీది, ఒళ్ళు పాముది! షాహ్‌మరాన్ అనే నాగరాణి అట. మన నాగకన్యకు అక్కో చెల్లెలో అయివుండాలి.

చివరకు ఒక వెండి దుకాణంలోకి పోయాం. సన్నని వెండి తీగెను మెలితిప్పి పువ్వులల్లే పని. మన కరీంనగర్ తీగపనికి తోబుట్టువు. దుకాణం యజమాని సిరియాక్ క్రైస్తవుడైన ఒక ముసలాయన. ఆయన భాష, యేసుక్రీస్తు మాట్లాడిన అరమాయిక్ కుటుంబానికి చెందినది.

ఇండియా నుంచి వచ్చానని చెప్పగానే, "కేరళా?" అని అడిగాడాయన. నేను తెల్లబోయాను. సంగతేమంటే, ఊరికి దగ్గరలోనే డేరుల్ జాఫరాన్ అనే మఠం ఉన్నది. కొన్ని వందల ఏళ్ళు, 1932 దాకా, వారి మతగురువు పాట్రియార్క్ పీఠం అక్కడే ఉండేది. పీటర్ అనే పాట్రియార్క్ 1875లో కేరళకు వచ్చి, 1876లో ముళంతురుత్తిలో పెద్ద సభ జరిపించాడు. కేరళలో కొన్ని చర్చిలలో ఇప్పటికీ సిరియాక్ భాషలో ప్రార్థనలు వినిపిస్తాయి.

"ఇక్కడ మీవారు ఎంతమంది ఉన్నారు?" అని నేను అడిగాను. ఆయన చేతిలో తీగె ఆగిపోయింది. మా కుర్రవాడు గొంతు తగ్గించి ఆయన మాటలు నాకు చెప్పాడు. 1915లో, ఒట్టోమన్ పాలనలో, ఈ ప్రాంతపు ఆర్మీనియన్లనూ సిరియాక్‌లనూ వేలకు వేలుగా చంపేశారు. మిగిలినవారిలో చాలామంది తరవాతి కాలంలో స్వీడన్‌కూ, జర్మనీకీ వలసపోయారు. ఆయన అన్నదమ్ములు కూడా వెళ్ళిపోయారు. ఇప్పుడు ఊళ్ళో ఉన్నవి కొద్ది కుటుంబాలే.

"మరి మీరు?" అన్నాను.

ఆయన జవాబు చెప్పక లోపలికి కేక వేశాడు. ఎనిమిదేళ్ళ మనవడు కాపీపుస్తకంతో వచ్చాడు. దానినిండా సిరియాక్ అక్షరాలు! ఆలఫ్, బేత్ అంటూ కుడి నుంచి ఎడమకు రాసుకుపోతారు. నేను ముచ్చటపడి నా పేరు రాయమన్నాను. పిల్లవాడు నాలుక బయటపెట్టి, శ్రద్ధగా రాసి నా చేతికిచ్చాడు. నేను భేష్ అన్నాను.

తాత దాన్ని నా చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఒక అక్షరం తప్పట. కొట్టేసి, ఆ పేరు మళ్ళీ మూడుసార్లు రాయించాడు.