మామా నంబర్ ఇంకా మోగుతోంది

మా ఆఫీసు లీవ్ పోర్టల్‌లో దగ్గరివాళ్లు పోయినప్పుడు పెట్టుకునే సెలవు ఒకటి ఉంది. 'పోయినవారు మీకు ఏమవుతారు?' అని అడుగుతుంది. అమ్మ, నాన్న, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు, అత్తమామలు. లిస్ట్ అంతే. ఫ్రెండ్ లేడు. మీలో చాలామంది ఆఫీసుల్లోనూ ఇంతే అయ్యుంటుంది. నేను మామూలు సెలవు పెట్టుకుని, కారణం దగ్గర 'సొంత పని' అని రాసి వాడి ఊరు వెళ్లాను.

వాడు నాకు ఏమవుతాడో చెప్పడానికి ఆ లిస్ట్‌లో మాట లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

వాడి పేరు రాయను. రాసినా మా బ్యాచ్‌లో సగం మంది గుర్తుపట్టరు. హాస్టల్ వార్డెన్ దగ్గర్నుంచి క్యాంటీన్ బాబాయ్ వరకు అందర్నీ 'మామా' అనేవాడు. చివరికి అందరూ వాడినే మామా అన్నారు. వాడిది తణుకు దగ్గర పల్లెటూరు, నాది ఖమ్మం. 2014లో కాకినాడలో ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు ఇద్దరికీ ఒకే రూమ్ వచ్చింది. రాష్ట్రం విడిపోయి అప్పటికి కొన్ని నెలలే. నా యాస విని, 'అయితే మనది ఫారిన్ ఫ్రెండ్‌షిప్ మామా' అన్నాడు.

పోయినవాళ్లందర్నీ దేవుళ్లను చేసేస్తాం కదా, వాడిని అలా చేస్తే వాడే నవ్వుతాడు. ఒక్క పనికీ టైమ్‌కి వచ్చేవాడు కాదు. నా చార్జర్ నాకు ఎప్పుడూ దొరికేది కాదు. మ్యాథ్స్ త్రీ మూడుసార్లు రాశాడు. సినిమాలో నాన్న సెంటిమెంట్ వస్తే వాడి పక్కన కూర్చోలేం, ఇంటర్వెల్ దాకా ముక్కు చీదుతూనే ఉంటాడు. ఇక సూది చూస్తే మొహం అటు తిప్పేసుకుంటాడు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి.

సెకండియర్‌లో వాడి చెల్లికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, దాతని తీసుకురమ్మన్నారు. మేమంతా వెళ్లాం. గ్రూప్ కలిసిన ఇద్దరిలో ఒకడికి హిమోగ్లోబిన్ చాల్లేదు, ఇంకొకడికి సరైన నరం దొరకలేదు. గేటు దగ్గర సవారీ కోసం చూస్తున్న ఒక ఆటో అన్న మా గొడవ విని, 'నాది అదే గ్రూపు బాబూ' అంటూ లోపలికొచ్చాడు. గంటన్నర చేతికి సూది పెట్టించుకుని పడుకున్నాడు. లేచాక ఒక జ్యూస్ తాగి, 'చెల్లి జాగర్త' అని వెళ్లిపోయాడు. మామా పేరు అడుగుదామని పరిగెత్తేసరికి ఆటో లేదు.

ఆ రాత్రి రూమ్‌లో ఒకటే మాట. 'ఆయనకి తిరిగి ఎలా ఇవ్వాలి మామా? నంబర్ కూడా లేదు.' కాసేపటికి జవాబు వాడే చెప్పుకున్నాడు. 'ఎవరడిగితే వాళ్లకి ఇచ్చేయడమే.'

అలా మొదలైంది. 2018లో హైదరాబాద్ వచ్చాం. కూకట్‌పల్లిలో ముగ్గురం ఒక రూమ్. నేను డెవలపర్, వాడు టెస్టర్. వాడి ఫోన్‌లో కాంటాక్ట్స్ అన్నీ వింతగా ఉండేవి. 'ఓ నెగెటివ్ మియాపూర్', 'బి పాజిటివ్ దిల్‌సుఖ్‌నగర్ రాత్రి డ్యూటీ', 'ఏబీ ఈసీఐఎల్ వాళ్లమ్మతో చెప్పాలి'. పక్కన చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ. మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజులు దాటితేగానీ మళ్లీ పిలవకూడదు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకి మించి నిల్వ ఉండవు కాబట్టి వర్షాకాలంలో డెంగీ మొదలైతే పగలూ రాత్రీ ఫోన్లే.

ఫోన్ వస్తే వాడు ముందు కంగారుపడేవాడు కాదు, ప్రశ్నలు వేసేవాడు. పేషెంట్ పేరు, ఆసుపత్రి, గ్రూప్, ఎన్ని యూనిట్లు, పక్కనున్నవాళ్ల నంబర్. వాట్సాప్‌లో తిరిగే 'అర్జెంట్ బ్లడ్' మెసేజ్‌లు చూస్తే ఫార్వర్డ్ చేసే ముందు ఆ నంబర్‌కి కాల్ చేసేవాడు. చాలావాటికి అవసరం ఎప్పుడో తీరిపోయి ఉండేది. అప్పుడు గ్రూపులో 'అందింది, ఇక పంపకండి' అని పెట్టేవాడు. 'బగ్ ఓపెన్ చేయడం అందరికీ వచ్చు మామా, క్లోజ్ చేసేవాడే కావాలి' అనేవాడు. ఎవరైనా డబ్బులిస్తామంటే మాత్రం కోపం వచ్చేది. రక్తం అమ్మడం, కొనడం మన దేశంలో నిషేధం అని క్లాస్ పీకి, తర్వాత దాతని మాత్రం ఉచితంగానే పంపేవాడు.

2021లో సెకండ్ వేవ్ వచ్చింది. ఏప్రిల్ అంతా ప్లాస్మా కోసం తిరిగాడు. మే నెలలో ఐసీఎంఆర్ ప్లాస్మా థెరపీని చికిత్స మార్గదర్శకాల నుంచి తీసేసింది. ఇంత తిరిగి ఏం లాభం అని నాకు చిరాకేసింది. వాడికి వేయలేదు. 'పనిచేయదని తేలింది కదా, మంచిదే. ఇప్పుడు రక్తం చూద్దాం' అన్నాడు. కాలేజీలు మూతపడి క్యాంపులు లేవు. కానీ తలసీమియా పిల్లలకి రెండు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు కదా. టీకా వేయించుకుంటే కొన్నాళ్లు రక్తం ఇవ్వకూడదు కాబట్టి, స్లాట్ దొరికిన ప్రతివాడికీ ఫోన్ చేసి 'ముందు రక్తం, తర్వాత టీకా' అని బతిమాలేవాడు. తను ఇచ్చేటప్పుడు మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకునేవాడు. అన్ని సార్లు ఇచ్చినా ఆ భయం పోలేదు. ప్రతిసారీ భయపడుతూనే ఇచ్చాడు.

పోయిన ఆగస్టులో ఒక వాన రాత్రి, ఆఫీసు నుంచి వస్తుంటే బాచుపల్లి రోడ్డు మీద లారీ గుద్దింది. హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. ఆ రాత్రి గురించి ఎక్కువ రాయలేను. ఒక్కటి మాత్రం చెప్పాలి. డాక్టర్లు ఆరు యూనిట్ల రక్తం కావాలన్నారు. వాడి ఫోన్ తీసుకుని మొదటి నలుగురికి చేశాను. తెల్లవారేసరికి బ్లడ్ బ్యాంక్ ముందు నిలబడటానికి చోటు లేదు. క్యాబ్ డ్రైవర్లు, డెలివరీ బాయ్స్, నైట్ షిఫ్ట్ నుంచి అలాగే వచ్చేసిన అమ్మాయిలు, ఒక రిటైర్డ్ లెక్చరర్. 'చాలు, ఇక చాలు' అని నర్సు చెప్తున్నా ఎవరూ కదల్లేదు. రక్తం చాలింది. వాడికే టైమ్ చాల్లేదు.

తణుకు నుంచి వచ్చిన వాళ్లమ్మ ఆ జనాన్ని చూసి, 'వీళ్లంతా ఆఫీసోళ్లా బాబూ?' అని అడిగింది. కాదమ్మా అన్నాను. ఎవరో చెప్పడం మాత్రం నాకు రాలేదు.

పదకొండో రోజున వాడి చెల్లి ఫోన్ చేసింది. 'అన్నయ్యా, వాడి ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరో ఏ నెగెటివ్ అడుగుతున్నారు. వాడు లేడని చెప్తే ఏడుస్తున్నారు. ఏం చేయను?' ఇంట్లో అప్పటికే ఆ సిమ్ తీసేద్దామా, ఉంచుదామా అని మాటలయ్యాయి. వాళ్ల నాన్నకి ఆ రింగ్‌టోన్ వినడం కష్టంగా ఉంది. అమ్మకి అది ఆగిపోవడం కష్టంగా ఉంది. ఇద్దరి బాధా న్యాయమే.

చివరికి చెల్లే తేల్చింది. ఆ ఆటో అన్న రక్తంతో బతికిన పిల్ల కదా. రింగ్‌టోన్ మార్చి ఫోన్ తన దగ్గరే పెట్టుకుంది. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే నంబర్ పోయే ప్రమాదం ఉంది కాబట్టి నెలనెలా రీచార్జ్ మా బ్యాచ్ వాళ్లం వంతులవారీగా చేస్తున్నాం. వాడి కాంటాక్ట్స్ అన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించాం. ఎక్కిస్తుంటే నా పేరు ఎలా ఉందో చూశాను. 'ఏ పాజిటివ్ రూమ్. అడక్కపోయినా వస్తాడు.'

పగలు చెల్లి, రాత్రి పదకొండు దాటాక నాకు కాల్ డైవర్ట్. మాకు వాడంత ఓపిక లేదు, వాడిలా జోకులు రావు. కానీ వాడు అడిగే ప్రశ్నలు అదే వరసలో అడుగుతాం. పని అయ్యాక 'అందింది' అని పెడతాం.

మొన్న రాత్రి ఒంటిగంటకి ఫోన్. అవతల ఎవరో పెద్దాయన, గొంతు వణుకుతోంది. 'బాబూ, మామా గారేనా?' అన్నాడు.

'చెప్పండి అంకుల్, ఏ గ్రూపు?' అన్నాను.