పార్క్‌లేన్‌లో కీబోర్డుల రిపేరు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అనే పిలుస్తారు. కంప్యూటర్ మొరాయిస్తే జంటనగరాల్లో చాలామంది పరుగెత్తేది అక్కడికే. ల్యాప్‌టాప్ కీబోర్డులు ఎలా బాగుచేస్తారో చూద్దామని ఆ మధ్య అక్కడో చిన్న రిపేరు షాపులో చాలాసేపు కూర్చున్నాను.

డిగ్రీ చదివే కుర్రాడొకడు కంగారుగా వచ్చాడు. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా తీసుకోవట్లేదట, కీబోర్డు మార్చాల్సిందేనని ఎవరో చెప్పారట. మెకానిక్ పాస్‌వర్డ్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి చూపించాడు. 'యు' కొడితే 4, 'ఐ' కొడితే 5 పడుతున్నాయి. "ఏం కాలే తమ్మీ, నమ్‌లాక్ పడ్డది" అని సరిచేసి ఇచ్చేశాడు. పైసా తీసుకోలేదు. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది. అలాగే కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కిపడితే విండోస్‌లో ఫిల్టర్ కీస్ ఆన్ చేయమంటారా అని అడుగుతుంది. చూడకుండా సరే అంటే టైపింగ్ నత్తనడకే.

స్క్రూడ్రైవర్ పట్టేముందు ఆయన యూఎస్‌బీ కీబోర్డు తగిలించి చూస్తాడు, తర్వాత విండోస్ కంటే ముందే తెరుచుకునే బయోస్‌లోకి వెళ్తాడు. అక్కడ కూడా మీటలు పలకకపోతే తప్పు విండోస్‌ది కాదు.

ఓ టీచరమ్మ తెచ్చిన ల్యాప్‌టాప్ మీద చాయ్ ఒలికింది. విప్పి చూస్తే కీబోర్డును బాడీకి పట్టి ఉంచినవి స్క్రూలు కావు, వరుసలు వరుసలుగా కరిగించి అతికిన ప్లాస్టిక్ బొడిపెలు. మీటల కింది పల్చటి ప్లాస్టిక్ పొరను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. వెండిరంగు గీతల మధ్య ఒకచోట నల్లగా తినేసింది. అడ్డగీతలు, నిలువుగీతలు కలిసేచోటే ఒక్కో మీట. అందుకే ఒక గీత తెగితే దాని మీదున్నవన్నీ ఒకేసారి మూగబోతాయి, పక్కపక్కన లేకపోయినా సరే.

"ఒక్కటే పోతే దుమ్మనుకో అన్నా. నాలుగైదు కలిసి పోయినయంటే లైన్ పోయినట్టే."

ఏదైనా ఒలికితే ఏం చేయాలని అడిగాను. వెంటనే ఛార్జర్ పీకి, ఆఫ్ చేసి, బోర్లించాలట. బియ్యంలో పెట్టడం దండగ. చక్కెర జిగురు బియ్యానికి పోదు.

చివరగా వచ్చినావిడ స్పేస్‌బార్ పైకి లేస్తోందన్నారు. మెకానిక్ ల్యాప్‌టాప్‌ను పక్కనుంచి చూసి మీట ముట్టుకోలేదు. లోపల బ్యాటరీ ఉబ్బి కీబోర్డును నెడుతోంది. "ఛార్జింగ్ అస్సలు పెట్టకండి మేడమ్, ముందు బ్యాటరీ తీద్దాం" అంటూ అడుగుభాగం స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.